పొగగొట్టపు కట్టెల పొయ్యిలో అధిక లాగుడు, అతిమంట: కారణాలు, నియంత్రణ పద్ధతులు

వ్యాససంగ్రహం:

కట్టెల పొయ్యికి పొగగొట్టం అమర్చినప్పుడు వంటగదిలోని పొగ తగ్గుతుంది. అదే పొగగొట్టం అవసరానికి మించి గాలిని లాగినప్పుడు కట్టె వేగంగా కాలిపోతుంది, వేడి వృథాగా పైకి పోతుంది, పొయ్యి, గొట్టం దెబ్బతింటాయి, నిప్పురవ్వల వల్ల ఇంటికి ముప్పు ఏర్పడుతుంది. పొగగొట్టంలో లాగుడు ఎలా పుడుతుందో, అది ఏ పరిస్థితులలో అతిమంటకు దారితీస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలలో డా. ఎస్. పి. రాజు రూపొందించిన పొయ్యి నుంచి జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం వరకు సాగిన అనుభవాన్ని పరిశీలిస్తుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం వంటి అటవీ సమీప ప్రాంతాలలో దొరికే వంటచెరకును, చలిదేశాలలోని పాత ఇనుప పొయ్యిలను దృష్టిలో ఉంచుకొని, మంటను సురక్షితంగా అదుపు చేసే పద్ధతులను చర్చిస్తుంది.

కీలకపదాలు: కట్టెల పొయ్యి, పొగగొట్టం, లాగుడు, అతిమంట, అడ్డురేకు, నివురు, వంటచెరకు, బయ్యారం.

1. ఉపోద్ఘాతం:

బయ్యారం పేరు వినగానే ముందుగా గుర్తుకు వచ్చేది ఇనుప ఖనిజం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఖమ్మం జిల్లాలో ఉండి, ఆ తరువాత మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఈ మండలం ఉక్కు కర్మాగార చర్చలతో రాష్ట్రమంతటా పరిచితమైంది. ఇనుముకూ నిప్పుకూ ఉన్న బంధం తెలంగాణకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఉక్కు తయారీని హెచ్. డబ్ల్యు. వాయిసీ వర్ణించిన వ్యాసం 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. కొలిమి ముందు కూర్చున్న పనివాడికి కావలసింది మరింత గాలి. అందుకే తిత్తి పుట్టింది. తిత్తి ఊదిన కొద్దీ బొగ్గు తెల్లగా మండుతుంది, ఇనుము మెత్తబడుతుంది.

వంటింటి పొయ్యి అవసరం దీనికి భిన్నమైనది. ఎసరు కాగేదాకా పెద్దమంట కావాలి. బియ్యం పోసిన తరువాత సన్నసెగ చాలు. నీరు మరగడం మొదలైన తరువాత దాని ఉష్ణోగ్రత పెరగదు. ఆపైన వేసిన మంట అంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఒక లీటరు మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి అవసరం. గాలికి ఆరిన ఒక కిలో కట్టెలో ఉండే వేడి దాదాపు 15,500 కిలోజౌళ్లు. పొయ్యి సామర్థ్యం 15 శాతం అనుకుంటే గిన్నెకు చేరేది 2,300 కిలోజౌళ్లు. అంటే అనవసరంగా ఆవిరైపోయే ప్రతి లీటరు నీటి వెనుక సుమారు ఒక కిలో కట్టె ఉంటుంది. ఆ కట్టెను అడవి నుంచి నెత్తిన మోసుకొచ్చేది చాలా ఇళ్లలో స్త్రీ. అందువల్ల మంటను పెంచే నేర్పు ఎంత ముఖ్యమో, తగ్గించే నేర్పు అంతకంటే ముఖ్యం.

మూడురాళ్ల పొయ్యిలో ఈ పని సులభం. కట్టెను వెనక్కి లాగితే మంట తగ్గుతుంది, ముందుకు తోస్తే పెరుగుతుంది. పొగగొట్టం ఉన్న మూసిన పొయ్యిలో గాలిని లాగే శక్తి గొట్టానిది. వండే మనిషి ఊదకపోయినా గొట్టం ఊదుతూనే ఉంటుంది. ఒక విధంగా పొగగొట్టం ఆగని కొలిమితిత్తి. ఆ తిత్తిని అదుపులో పెట్టడమే ఈ వ్యాసంలో చర్చించే విషయం.

2. లాగుడు – శాస్త్రీయ నేపథ్యం:

వేడెక్కిన వాయువు వ్యాకోచించి తేలికవుతుంది. గొట్టంలోని వేడి వాయువు బరువుకూ, అంతే ఎత్తున్న బయటి చల్లని గాలి బరువుకూ మధ్య ఉండే తేడాయే లాగుడు. దీనినే ఇంజినీర్లు డ్రాఫ్ట్ అంటారు. ఈ తేడా రెండు అంశాలపై ఆధారపడుతుంది. మొదటిది గొట్టం ఎత్తు. రెండవది లోపలి, బయటి ఉష్ణోగ్రతల అంతరం.

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. గొట్టం ఎత్తు 3 మీటర్లు, బయటి గాలి 30 డిగ్రీల సెల్సియస్, గొట్టంలోని వాయువు సగటున 200 డిగ్రీలు అనుకుంటే లాగుడు సుమారు 12 పాస్కల్‌లు వస్తుంది. అదే గొట్టాన్ని 5 మీటర్లకు పెంచితే అది 20 పాస్కల్‌లు దాటుతుంది. ఎత్తు మార్చకుండా లోపలి ఉష్ణోగ్రత 400 డిగ్రీలకు చేరితే సుమారు 19 పాస్కల్‌లు అవుతుంది. బయట 12 డిగ్రీలున్న చలిరాత్రి లాగుడు పెరుగుతుంది. 42 డిగ్రీల ఎండలో తగ్గుతుంది. ఒకే పొయ్యి పుష్యమాసం తెల్లవారుజామున ఎగదన్నుకొని మండి, వేసవి మధ్యాహ్నం మందగించడానికి ఇది ఒక కారణం. గొట్టం నోటి మీదుగా వీచే ఈదురుగాలి కూడా లాగుడును పెంచుతుంది.

ఈ అంకెలు చూడటానికి చిన్నవి. వాతావరణ పీడనం లక్ష పాస్కల్‌లకు పైగా ఉంటే, ఇక్కడ చర్చించేది పది, ఇరవై పాస్కల్‌లు మాత్రమే. అయినా పొయ్యిలోని మంటకు ఆ మాత్రపు తేడా చాలు. యూరప్‌లో గృహోపయోగ కట్టెల పొయ్యిలను సాధారణంగా 12 పాస్కల్‌ల లాగుడు వద్ద పరీక్షిస్తారు. దానికి రెండింతల లాగుడు ఉన్న గొట్టానికి అదే పొయ్యిని తగిలిస్తే, పరీక్షలో కనిపించిన పొయ్యి, ఇంట్లో మండే పొయ్యి ఒకటే అయినా వాటి ప్రవర్తన ఒకటి కాదు.

లాగుడుకు స్వయంవృద్ధి గుణం ఉంది. మంట పెరిగితే గొట్టం వేడెక్కుతుంది. గొట్టం వేడెక్కితే లాగుడు పెరుగుతుంది. లాగుడు పెరిగితే మరింత గాలి చేరి మంట ఇంకా పెరుగుతుంది. ఈ చక్రానికి ప్రకృతిలోనే ఒక హద్దు ఉంది. వాయువు వేడెక్కినకొద్దీ పలచబడుతుంది కనుక, దాని పరమ ఉష్ణోగ్రత బయటి గాలి పరమ ఉష్ణోగ్రతకు రెండింతలైన దగ్గర గొట్టం గుండా పోయే వాయు ద్రవ్యరాశి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. బయట 30 డిగ్రీలున్నప్పుడు ఆ స్థాయి సుమారు 330 డిగ్రీలు. ఆ తరువాత లాగుడు పెరిగినా ప్రవాహం పెరగదు. అయితే పాత పొయ్యికి, గొట్టం పక్కనున్న వాసాలకు, గడ్డికి అప్పటికే ప్రమాదం వాటిల్లి ఉంటుంది. కాబట్టి ప్రకృతి గీసిన హద్దును నమ్ముకొని ఉండటం క్షేమం కాదు.

3. అతిమంట స్వరూపం:

కట్టె మండటంలో మూడు దశలున్నాయి. మొదట అందులోని తేమ ఆవిరవుతుంది. తరువాత, రెండువందల డిగ్రీలు దాటిన దశలో, కట్టె విచ్ఛిత్తి చెంది మండే వాయువులను విడుదల చేస్తుంది. పొడికట్టె బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ వాయువులుగా మారతాయి. కంటికి కనిపించే మంట ఈ వాయువులదే. చివరికి మిగిలిన బొగ్గు నిప్పుకణికలుగా నిదానంగా కాలుతుంది.

గాలి అవసరం రెండవ దశలో ఎక్కువ. ఒక కిలో కట్టె పూర్తిగా కాలడానికి సిద్ధాంతరీత్యా 5 నుంచి 6 కిలోల గాలి చాలు. ఆచరణలో గాలి, వాయువు సమంగా కలవవు కనుక ఒకటిన్నర నుంచి రెండింతల గాలి అవసరమవుతుంది. అంతకు మించి లోపలికి వచ్చే గాలి మంటకు ఉపయోగపడదు. చల్లగా వచ్చి, వేడెక్కి, ఆ వేడిని వెంటబెట్టుకొని గొట్టం గుండా బయటికి పోతుంది. బయటికి పోయే వాయువు 250 డిగ్రీల వద్ద ఉందనుకుంటే, రెండింతల గాలి వచ్చినప్పుడు కట్టెలోని వేడిలో సుమారు ఆరోవంతు గొట్టం పాలవుతుంది. నాలుగింతల గాలి వస్తే దాదాపు మూడోవంతు పోతుంది. పొగ కనిపించకపోవడం వల్ల ఈ నష్టం కంటికి తెలియదు. పొయ్యి చక్కగా మండుతున్నట్లే ఉంటుంది, కట్టెల మోపు మాత్రం త్వరగా తరిగిపోతుంది.

అధిక లాగుడు, అతిమంట ఒకే విషయానికి రెండు పేర్లు కావు. కట్టె తక్కువగా ఉండి గాలి ఎక్కువైతే పొయ్యి చల్లబడవచ్చు. గాలితో పాటు మండే వాయువులు కూడా ఒక్కసారిగా ఎక్కువైనప్పుడే అతిమంట ఏర్పడుతుంది. దానిని గుర్తించడానికి కొన్ని లక్షణాలున్నాయి: గొట్టంలో హోరుమనే చప్పుడు వినిపించడం, మంటనాలుకలు గిన్నె అడుగును దాటి గొట్టంలోకి పోవడం, గొట్టం పై నుంచి నిప్పురవ్వలు ఎగరడం, గొట్టం మొదలు దగ్గర మట్టి పెచ్చులూడటం, ఇనుప భాగాలు ఎర్రబడటం. ఇనుము వెలుతురులో కూడా ఎర్రగా కనిపిస్తున్నదంటే దాని ఉష్ణోగ్రత 600 డిగ్రీల పరిసరాలకు చేరిందని అర్థం. ఆ స్థితిలో రేకు పొలుసులుగా రాలి పలచబడుతుంది. పోత ఇనుము వంకరపోతుంది, లేదా పగులుతుంది.

4. హైదరాబాద్ అనుభవం – రాజు పొయ్యి:

భారతదేశంలో పొగగొట్టపు పొయ్యిని గ్రామీణ గృహాలకు చేర్చే ప్రయత్నాలు స్వాతంత్ర్యం వచ్చిన కాలంలోనే మొదలయ్యాయి. వార్ధాలోని మగన్‌వాడి నుంచి వెలువడిన మగన్ చుల్హా వాటిలో ఒకటి. వాటిలో తెలుగునేలకు చెందిన ప్రయత్నం హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలలది. ఆ సంస్థ సంచాలకుడు డా. ఎస్. పి. రాజు రూపొందించిన మట్టిపొయ్యి ప్రపంచ పొయ్యిల సాహిత్యంలో హెర్ల్ చుల్హా పేరుతో ప్రసిద్ధి పొందింది. దాని వివరాలతో ఆయన రాసిన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. 1961లో దాని సవరించిన ముద్రణ వచ్చింది.

ఈ పొయ్యి నిర్మాణం సులభమైనది. ఒకే నిప్పు మీద ఒకటికి మించి గిన్నెలు పెట్టుకొనే విధంగా మట్టితో కట్టిన మూసిన పొయ్యి, మంట ఒక గిన్నె కింది నుంచి తరువాతి గిన్నె కిందికి పోయే దారి, చివర పొగగొట్టం, ఆ దారిలో పైకీ కిందికీ జరపడానికి వీలైన లోహపు అడ్డురేకు. పొయ్యిని స్త్రీలే స్థానిక వస్తువులతో కట్టుకొని, బాగు చేసుకోగలగాలన్నది ఈ ప్రయత్నంలోని ఆశయం.

ఇందులో పొగగొట్టం గురించి జరిగినంత చర్చ అడ్డురేకు గురించి జరగలేదు. లాగుడు సూత్రం ప్రకారం చూస్తే ఈ నిర్మాణానికి కీలకం అడ్డురేకే. అది లేకపోతే గొట్టం పొగతో పాటు వేడిని కూడా లాగివేస్తుంది. ముందు గిన్నె కింద మంట నిలవక వెనుకకు పరుగెత్తుతుంది. రేకును దించితే దారి ఇరుకై, ప్రవాహం మందగించి, వేడి గిన్నెల అడుగున ఎక్కువ సేపు నిలుస్తుంది. ఎసరు కాగేటప్పుడు రేకును ఎత్తి, ఉడుకు పట్టిన తరువాత దించడం ఈ పొయ్యి వాడకంలోని అసలు నేర్పు.

తరువాతి కాలంలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆస్ట్రా బృందం 1980ల తొలినాళ్లలో మూడు గిన్నెల ఆస్ట్రా ఒలె పొయ్యిని రూపొందించింది. అధిక గాలిని తగ్గించడం ఆ రూపకల్పనలో ప్రధానాంశం. కట్టె పెట్టే నోటిని మూయడం, కింద జాలీ ద్వారా మాత్రమే గాలిని రానివ్వడం, గిన్నె అడుగుకూ పొయ్యికీ మధ్య సందును లెక్కగా ఉంచడం ద్వారా ఆ లక్ష్యం సాధించారు.

కేంద్రప్రభుత్వం 1983 చివరలో జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమాన్ని ప్రారంభించింది. సంప్రదాయ పొయ్యి సామర్థ్యం సుమారు 10 శాతంగా పరిగణించి, స్థిరమైన మెరుగైన పొయ్యికి కనీసం 20 శాతం, కదిలించగల పొయ్యికి 25 శాతం ఉండాలని నిర్దేశించారు. 2002లో కేంద్ర కార్యక్రమం ముగిసేనాటికి దేశంలో సుమారు 3.5 కోట్ల పొయ్యిలు పంపిణీ అయ్యాయి. వాటిలో చాలావాటికి ఆయుష్షు తక్కువగా ఉండటం, గొట్టాలు మసితో మూసుకుపోవడం, మరమ్మతులకు దిక్కు లేకపోవడం వంటి లోపాలను అనేక మూల్యాంకనాలు ఎత్తిచూపాయి.

పొరుగున ఉన్న ఒడిశాలో 44 గ్రామాలలోని సుమారు 2,600 కుటుంబాలపై రేమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ జరిపిన అధ్యయనం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. పొగగొట్టపు మట్టిపొయ్యిలు ఇచ్చిన తొలి సంవత్సరంలో వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. ఆ తరువాత ఆ ప్రయోజనం నిలవలేదు. పొయ్యిలను క్రమంగా, సరైన రీతిలో వాడకపోవడం, నిర్వహణ కొరవడటం ఇందుకు కారణమని తేలింది. కట్టెల వినియోగం కూడా తగ్గలేదు. పొయ్యిని ఇచ్చినంత మాత్రాన గాలి అదుపు అలవడదని ఈ అనుభవం సూచిస్తుంది. అడ్డురేకును ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో తెలియజేయని పంపిణీ సగం పంపిణీ మాత్రమే.

5. వంటచెరకు స్వభావం – బయ్యారం నేపథ్యం:

అతిమంటకు గాలి ఒక కారణమైతే ఇంధనం మరొక కారణం. బయ్యారం పరిసరాలు ఒకవైపు అడవికి, మరొకవైపు పత్తి, మిరప చేలకు ఆనుకొని ఉన్నాయి. ఇటువంటి చోట్ల పొయ్యిలోకి వచ్చే వంటచెరకు స్థూలంగా రెండు తెగలు. మొదటిది తుమ్మ, చండ్ర వంటి గట్టికట్టె. రెండవది పత్తికట్టె, కందికట్టె, మిరపకట్టె వంటి సన్నని పంటకట్టె.

రెండింటి బరువు సమానమైనా మంట సమానం కాదు. సన్నకట్టెకు బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ. వేడి త్వరగా లోపలికి దిగి, వాయువులన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. గుప్పెడు కందికట్టె వేస్తే మంట గుప్పున లేచి, నిమిషాలలో చల్లారుతుంది. మూడురాళ్ల పొయ్యిలో ఈ గుణం ఉపయోగకరం, వెంటనే ఎసరు కాగుతుంది. లాగుడు ఎక్కువ ఉన్న పొగగొట్టపు పొయ్యిలో మాత్రం ఇదే గుణం ప్రమాదకరం. మంట గిన్నెల కింద ఆగక గొట్టంలోకి దూసుకుపోతుంది. పంటకట్టె నుంచి తేలికైన మండే తునకలు పైకి ఎగురుతాయి. కప్పు తాటాకుతోనో, గడ్డితోనో వేసినదైతే ఆ తునకలలో ఒక్కటి చాలు.

కట్టె తేమ విషయంలో ఒక అపోహ ఉంది. ఎండినకట్టె బాగా మండి త్వరగా అయిపోతుంది కనుక కాస్త పచ్చికట్టె కలిపితే మంట అదుపులో ఉంటుందని కొందరి భావన. పచ్చికట్టె మంటను తగ్గించే మాట నిజమే కాని, ఆ తగ్గుదల తేమను ఆవిరి చేయడానికి ఖర్చయిన వేడి వల్ల వస్తుంది. దానితో పొగ, తారు పెరుగుతాయి. తారు గొట్టం గోడలకు పట్టి గట్టిపడుతుంది. తరువాత ఒకనాడు సన్నకట్టెతో పెద్దమంట వేసినప్పుడు ఆ పొర అంటుకొంటే గొట్టమే పొయ్యి అవుతుంది. అప్పుడు గొట్టం లోపలి ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు దాటవచ్చు. అందువల్ల ఎండినకట్టెను వాడి, గాలిని తగ్గించడమే సరైన మార్గం.

6. పాత ఇనుప పొయ్యి – ప్రవాస తెలుగువారి సందర్భం:

అమెరికా ఉత్తరప్రాంతాలలో, కెనడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సమస్య మరొక రూపంలో ఎదురుకావచ్చు. అక్కడి పాత ఇళ్లలో గది వెచ్చదనం కోసం పోత ఇనుముతోనో, ఉక్కు రేకుతోనో చేసిన కట్టెల పొయ్యిలు ఉంటాయి. వాటి గొట్టాలు రెండంతస్తులు దాటి పైకి పోతాయి. బయట సున్నాకు దిగువ చలి, లోపల పెద్దమంట. ఎత్తు, ఉష్ణోగ్రతల అంతరం రెండూ కలిసి లాగుడును విపరీతంగా పెంచుతాయి.

పాత పొయ్యిలో మరొక చిక్కు గాలి చొరబాటు. తలుపు చుట్టూ ఉండే, వేడిని తట్టుకొనే తాడు అరిగిపోయి ఉంటుంది. పలకల అతుకుల మధ్య పూసిన సిమెంటు రాలిపోయి ఉంటుంది. బూడిదగూటి తలుపు సరిగా పడదు. గాలి కంతను పూర్తిగా మూసినా పొయ్యి మండుతూనే ఉందంటే గాలి ఈ దొంగదారుల గుండా వస్తున్నదని అర్థం. బూడిదగూటి నుంచి వచ్చే గాలి నేరుగా నిప్పుకణికల కిందికి చేరుతుంది కనుక అది అన్నిటికంటే ప్రమాదకరం. అది కొలిమితిత్తి చేసే పనినే చేస్తుంది.

దీనిని కనుగొనడం కష్టం కాదు. చల్లారిన పొయ్యి తలుపు సందులో ఒక కాగితపు ముక్క పెట్టి తలుపు మూసి లాగాలి. కాగితం తేలికగా జారివస్తే ఆ చోట తాడు అరిగినట్లే. చిన్న మంట ఉన్నప్పుడు అతుకుల వెంట అగరుబత్తిని నెమ్మదిగా కదిపితే, గాలి చొరబడే చోట దాని పొగ లోపలికి లాగబడుతుంది. మట్టిపొయ్యిలో గిన్నెకూ పొయ్యికీ మధ్య సందులను, గొట్టం మొదలు దగ్గర పగుళ్లను గుర్తించడానికి కూడా ఈ పరీక్ష పనికివస్తుంది.

7. నియంత్రణ పద్ధతులు:

మంటను అదుపు చేయడంలో పాటించవలసిన వరుస ముఖ్యం. తేలికైనది, ప్రమాదం లేనిది ముందు. నిర్మాణాన్ని మార్చేది చివర.

అ) ఇంధనం: ఒకేసారి నింపకుండా కొద్దికొద్దిగా వేయాలి. సన్నకట్టెను రాజేయడానికి, ఎసరు కాగడానికి పరిమితం చేసి, ఆ తరువాత ఒకటి రెండు గట్టికట్టెలతో మంట నిలపాలి. ఇనుప పొయ్యిలో చీల్చిన సన్న ముక్కలకు బదులు లావుపాటి దుంగలను దగ్గరగా పేర్చితే వాయువులు నిదానంగా విడుదలవుతాయి.

ఆ) దొంగదారులు: పగుళ్లను మట్టి, పేడ, ఊక కలిపిన ముద్దతో మెత్తాలి. గిన్నె లేని పొయ్యి కన్నును మూతతో మూయాలి. ఇనుప పొయ్యిలో తలుపు తాడును మార్చాలి, అతుకులకు వేడిని తట్టుకొనే సిమెంటు పూయాలి. ఈ పని చేయకుండా అడ్డురేకు అమర్చడం వల్ల పూర్తి ఫలితం దక్కదు.

ఇ) గాలి ప్రవేశం: మంట నిలదొక్కుకొన్న తరువాత గాలి కంతను కొంతకొంతగా మూయాలి. మట్టిపొయ్యిలో కట్టె నోటికి ఒక పెంకునో, రేకునో అడ్డుపెట్టి ఈ పని చేయవచ్చు. గాలిని లోపలికి వచ్చే చోట తగ్గించడం, పొగను బయటికి పోయే చోట తగ్గించడం కంటే క్షేమకరం. మొదటి పద్ధతిలో పొయ్యి లోపల పీడనం గదిలోకంటే తక్కువగానే ఉంటుంది కనుక పొగ వెనక్కి రాదు.

ఈ) అడ్డురేకు: పై మూడూ చేసినా లాగుడు తగ్గనప్పుడు అడ్డురేకును కొంత దించాలి. రేకులో ఒక మూల కోత గాని, రంధ్రం గాని ఉంచి, పూర్తిగా దించినా దారి మూసుకుపోకుండా చూడాలి. కొత్త కట్టె వేసేటప్పుడు, ఇనుప పొయ్యి తలుపు తెరిచేటప్పుడు రేకును ముందుగా ఎత్తాలి.

ఉ) గొట్టం: ఎత్తును తగ్గించడం చివరి ఆలోచన కావాలి. కప్పు కంటే తక్కువ ఎత్తున్న గొట్టం పొగను తిరిగి ఇంట్లోకే పంపుతుంది, రవ్వలను గడ్డిపై రాలుస్తుంది. చలిదేశాలలో బరువు కట్టిన రేకు తనంతట తాను తెరుచుకొని గది గాలిని గొట్టంలోకి వదిలి లాగుడును తగ్గించే ఏర్పాటు ఉంది. కట్టెల పొయ్యిలకు దీనిని వాడటంపై ఆక్షేపణలున్నాయి. చల్లని గాలి కలవడం వల్ల తారు పేరుకొంటుంది, గొట్టంలో నిప్పు అంటుకొన్నప్పుడు అదే దారి దానికి గాలిని అందిస్తుంది.

ఊ) కొలత: ఒంటిపొర ఇనుప గొట్టంపై ఉష్ణమాపకం అమర్చితే ఊహతో పని ఉండదు. గొట్టం ఉపరితలం సుమారు 120 నుంచి 240 డిగ్రీల మధ్య ఉండటం మంచిది. అంతకంటే తక్కువైతే తారు పేరుకొంటుంది, ఎక్కువైతే అతిమంట మొదలైనట్లు భావించాలి.

8. నివురు – సంప్రదాయ జ్ఞానం:

మంటను అదుపు చేయడానికి తెలుగు ఇళ్లలో రేకు కంటే ముందునుంచీ ఉన్న సాధనం బూడిద. రాత్రి వంట ముగిసిన తరువాత నిప్పుకణికలను పోగుచేసి బూడిదతో కప్పెట్టి, తెల్లవారి దాన్ని విప్పి మళ్లీ మంట చేసుకోవడం అగ్గిపెట్టె రాకముందు నుంచీ ఉన్న అలవాటు. ఈ అనుభవం నుంచే ‘నివురుగప్పిన నిప్పు’ అనే నుడికారం వచ్చింది. బూడిద పొర కణికలకు ప్రాణవాయువు చేరడాన్ని మందగింపజేస్తుంది, వేడిని బయటికి పోనీయదు. ఫలితంగా నిప్పు ఆరదు, ఎగయదు. ఆధునిక పొయ్యిలో గాలి కంతను సన్నగా తెరిచి ఉంచడం కూడా ఇదే సూత్రం.

అతిమంట అదుపు తప్పినప్పుడు కూడా బూడిద అక్కరకు వస్తుంది. ముందుగా గాలి వచ్చే దారులన్నీ మూయాలి. కొత్త కట్టె వేయకూడదు. మట్టిపొయ్యిలో అయితే మండుతున్న కొరవులను బయటికి లాగి మట్టితో ఆర్పవచ్చు. పొడిబూడిదను కణికలపై పరిస్తే మంట అణుగుతుంది. కాలిన ఇనుముపై నీళ్లు చల్లకూడదు. పోత ఇనుము పగులుతుంది, ఒక్కసారిగా లేచిన ఆవిరి మనిషిని కాలుస్తుంది. గొట్టంలోనే నిప్పు అంటుకొన్నట్లు హోరు వినిపిస్తే ఇంట్లోవారిని బయటికి పంపి, అగ్నిమాపక సిబ్బందికి కబురు చేయడం మొదటి కర్తవ్యం.

9. అదుపు పేరిట జరిగే పొరపాట్లు:

కట్టె ఆదా కావాలని రాత్రి అడ్డురేకును పూర్తిగా దించి పడుకోవడం అతిమంట కంటే పెద్ద ప్రమాదం. మంట లేకపోయినా కణికలు కార్బన్ మోనాక్సైడ్‌ను విడుదల చేస్తూనే ఉంటాయి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. దారి మూసుకుపోయిన గొట్టం దానిని గదిలోకి మళ్లిస్తుంది. నిద్రలో ఉన్నవారికి ప్రమాదం తెలిసే అవకాశం ఉండదు. నిప్పు పూర్తిగా చల్లారేవరకు గొట్టం దారి కొంతైనా తెరిచి ఉండాలి.

గాలిని అతిగా తగ్గించి గంటల తరబడి పొగమంటగా ఉంచడం రెండవ పొరపాటు. ఇళ్లలోని వాయుకాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లాగుడు తగ్గించే ప్రయత్నం ఆ పొగను తిరిగి వంటగదిలోకి తెచ్చేదిగా ఉండకూడదు. గొట్టం నుంచి వెలువడే పొగే ఇందుకు గుర్తు. రాజేసిన కొద్దిసేపటి తరువాత కూడా అది చిక్కగా, నల్లగా వస్తుంటే గాలి చాలలేదని, ఏమీ కనిపించక గొట్టంలో హోరు వినిపిస్తుంటే గాలి ఎక్కువైందని గ్రహించాలి.

10. ఉపసంహారం:

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశంలో 2016 మే 1న ఉజ్వల పథకం మొదలైన తరువాత గ్యాస్ పొయ్యి గ్రామాలకు విస్తృతంగా చేరింది. అయినా స్నానపు నీళ్లకు, పెద్దవంటలకు, సిలిండరు అయిపోయిన రోజులకు కట్టెల పొయ్యి నిలిచే ఉంది. పై చర్చ ఆధారంగా ఈ కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. లాగుడు గొట్టం ఎత్తుపై, లోపలి, బయటి ఉష్ణోగ్రతల అంతరంపై ఆధారపడుతుంది. దానికి తనను తాను పెంచుకొనే గుణం ఉన్నందున తొలిదశలోనే అదుపు చేయాలి.

2. అధిక గాలి వల్ల కలిగే నష్టం కంటికి కనిపించదు. పొగ లేకపోవడం మాత్రమే మంచి పొయ్యికి గుర్తు కాదు.

3. ఎస్. పి. రాజు పొయ్యిలో పొగగొట్టానికి ఎంత స్థానం ఉందో అడ్డురేకుకు అంత స్థానం ఉంది. తరువాతి పంపిణీ కార్యక్రమాలు వాడుక శిక్షణకు, నిర్వహణకు తగిన ప్రాధాన్యం ఇవ్వలేకపోయాయి.

4. పంటకట్టెను ఎక్కువగా వాడే ప్రాంతాలకు పొయ్యిని రూపొందించేటప్పుడు దాని వేగవంతమైన దహనాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

5. అదుపులో ఇంధనం, పగుళ్లు, గాలి ప్రవేశం, అడ్డురేకు, గొట్టం అనే వరుస క్షేమకరం. ఏ దశలోనూ గొట్టం దారిని పూర్తిగా మూయకూడదు.

కొలిమి ముందు పనివాడు తిత్తిని ఎప్పుడు ఊదాలో తెలిసినవాడు మాత్రమే కాదు, ఎప్పుడు ఆపాలో కూడా తెలిసినవాడు. పొగగొట్టపు పొయ్యి ముందు కూర్చున్న స్త్రీకి గొట్టాన్ని ఇచ్చిన పథకాలు, దాన్ని ఆపే రేకును, ఆ రేకు వాడుకను కూడా ఆమె చేతికి అందించినప్పుడే ఆ పొయ్యి ఆమె పొయ్యి అవుతుంది.